సాంచెల గొంతు

చేత్తో పట్టుకునే పని లేదట, చెవిలో దూర్చుకునే పని లేదట, వైరు లేదట, ఊరికే మాట్లాడితే చాలట. ఎటు చూసి మాట్లాడాలి? అది మాత్రం ఎవరూ చెప్పరు. నిన్న సాయంత్రం మా కావ్య కారెక్కి కూర్చొని, నా నెత్తి మీది ఎండతెరకు సబ్బుపెట్టెంత నల్లడబ్బా ఒకటి క్లిప్పుతో తగిలించి, "మమ్మీ, నీ ఫోన్ దీనికి కలిపిన. ఫోనొస్తే గీ నడిమి బటన్ ఒక్కటి ఒత్తు, ఇగ మాట్లాడు. రెండుసార్లు ఒత్తితే ఆఖరికి మాట్లాడినోళ్లకే మళ్ల పోతది. చేతులు మాత్రం స్టీరింగ్ మీదికెల్లి తియ్యకు" అని నాకు పాఠం చెప్పింది, ఇరవై ఆరేళ్లుగా మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన నాకు. అంతా ఆ చలాన్ వల్ల. పోయిన నెల మంచిర్యాలలో ఫోన్ పట్టుకొని నడుపుతుంటే కెమెరా ఫొటో కొట్టింది. ఆ ఫొటో చూసి మొగుడూ బిడ్డా పడీ పడీ నవ్వారు. ఒక చేతిలో ఫోను, రెండో చెయ్యి నోటికి అడ్డం, స్టీరింగ్ దేవుడికి వదిలేసి గుసగుసలాడుతున్నాను నేను. కారులో ఉన్నదేమో నేనొక్కదాన్నే, అద్దాలేమో మూసే ఉన్నాయి. "ఎవలు ఇంటరని మేడమ్ గారు గంత మెల్లగ?" అన్నాడు నరేశ్. పెళ్లయిన కొత్తలో "జర మెల్లగ మాట్లాడు, పక్క క్వార్టరోళ్లు ఇంటరు" అని నన్ను సతాయించిన మనిషే ఆ మాట అనడం. మగవాళ్లకు తాము అన్నవి గుర్తుండవు, మనకేమో అచ్చు వేసినట్టు ఉండిపోతాయి.

పొద్దున ఆరున్నరకు నరేశ్ బొగ్గుబాయి పనికి, ఫస్టు షిఫ్టుకు వెళ్లాడు. నేను మందమర్రిలో బండి తీశాను. ఈరోజు పెత్తరమాస, పెద్దల అమావాస్య. సిరిసిల్లలో మా బాపు, నన్ను కన్న అవ్వ పేరు మీద పంతులుకు బియ్యం ఇవ్వాలి, కూతురు పక్కనుండాలి. బడికి సెలవులు కూడా కలిసొచ్చాయి. తాళం తిప్పగానే నెత్తి మీది డబ్బా ఇంగ్లీషులో 'కలిశాను' అన్నట్టు ఏదో పలికింది, ఆడగొంతు, ఎంత మెత్తగా పలికిందంటే నాకు ఒళ్లు మండింది. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు పడదు. నేనే మెత్తగా మాట్లాడతాను, అది వేరే సంగతి. లక్సెట్టిపేట దాటాక రోడ్డు సగం మక్కలు ఆరబోశారు, రాళ్లు అడ్డం పెట్టి. ఎవరిది రోడ్డు, ఎవరివి మక్కలు, అడిగేవాడు లేడు. తంగేడు మాత్రం పూసి పూసి పచ్చగా ఉంది. రాయపట్నం వంతెన ఎక్కగానే గోదావరి గాలి అద్దం సందులోంచి సర్రున కొట్టింది, అద్దం ఎత్తేశాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. అవతల ధర్మపురి రేవు. అటు చూడకూడదనుకుంటూనే చూశాను.

ఆ రేవులోనే అవ్వ బొక్కలు, అస్థికలు, కలిపాం, నాలుగేళ్ల కింద. బాపు నడుము లోతు నీళ్లలో నిలబడి కుండ వంచుతుంటే నేను ఒడ్డు మీద ముఖం అటు తిప్పుకొని నిలబడ్డాను. అందరూ పాపం బిడ్డ చూడలేకపోతోంది అనుకున్నారు. చూడలేక కాదు, కోపంతో. దాచేదేముంది, మా బాపు మీద నాకు కోపం. ఆ రోజు పొద్దున పదిన్నరకు స్టాఫ్ రూములో ఉంటే ఫోన్ వచ్చింది. "రాణీ, అవ్వకు ఛాతిల నొస్తున్నదే, చెమటలు పోస్తున్నయ్, వాము నీళ్లు తాపిన" అని బాపు అరిచాడు. బాపు మామూలుగా మాట్లాడినా అరుపే. నేను చెప్పాను, నాకు ఒక్కో మాట గుర్తుంది: "బాపూ, ఇప్పుడే కారు మాట్లాడుకొని కరీంనగర్ పెద్దాసుపత్రికి తీస్కపో. ఒక్క నిమిషం ఆగకు. నేను సక్కగ అటే వస్త." "ఆఁ, మంచిది బిడ్డా," అన్నాడు. నేను దొరికిన బస్సెక్కి కరీంనగర్ వెళ్లి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చిన ప్రతి బండిలోకీ తొంగి చూశాను. మధ్యలో మూడుసార్లు ఫోన్ చేశాను, "బయలెల్లినవా బాపూ, ఎక్కడిదాకొచ్చిండ్రు?" అని. మూడుసార్లూ "ఆఁ, ఆఁ, మంచిదే బిడ్డా" అన్నాడు. సాయంత్రం అయిదింటికి పక్కింటి కిష్టవ్వ ఫోన్ చేసి, "బిడ్డా, అవ్వ మనకు లేదే" అంది. నేను ఆసుపత్రి గేటు దగ్గర, అవ్వ సిరిసిల్లలో. వాళ్లు ఇంట్లోంచి కదలనే లేదు.

ఎందుకు కదలలేదని నేను అడగలేదు. అడగకుండానే కిష్టవ్వ చెప్పింది, శవం దగ్గర, నా వీపు రాస్తూ, ఓదారుస్తున్నాననుకొని: "ఏం జేస్తం బిడ్డా, పొద్దుందాక సాంచెలు నడుస్తనే ఉండె, మాకేం ఎరుక గిట్లయితదని." సాంచెలంటే మరమగ్గాలు, మా బాపు సిద్దిరాములు యాభై ఏళ్లుగా నడుపుతున్నవి. అంటే పెళ్లానికి చెమటలు పోస్తుంటే మనిషి సాంచె దిగలేదన్నమాట. బీము పూర్తయ్యే రోజట అది, నూలు చుట్టిన పెద్ద దుంగ, అది అయిపోతే బట్ట దించి ఇవ్వాలి, దాని కోసం ఆగాడన్నమాట. 'ఆఁ మంచిది' అని నా నోరు మూయించి తన పని తాను చేసుకున్నాడన్నమాట. ఈ 'అన్నమాట'లన్నీ నేనే అల్లాను, నేనే నమ్మాను. వారానికి ఒకసారి ఫోన్ చేస్తాను, తిన్నవా, మందులు వేసుకున్నవా, సరే ఉంటా. పండుగలకు వెళ్తాను, వంట చేస్తాను, పొయ్యి వైపు తిరిగి రెండు మాటలు మాట్లాడతాను, వచ్చేస్తాను. కావ్య స్మార్ట్ ఫోన్ కొనిచ్చి "తాతా, వీడియోల మాట్లాడొచ్చు" అంటే ఆయన దాన్ని బీరువాలో పట్టుబట్టల కింద పెట్టాడు. పెట్టుకోనీ, నాకూ ఆయన ముఖం చూడాలని లేదనుకున్నాను. ఇంత పచ్చిగా ఎప్పుడూ అనుకోలేదు కానీ ఉన్నది అదే.

ధర్మపురి దాటి మామిడి తోటల్లోకి వచ్చానో లేదో నెత్తి మీద ఆ దొరసాని మేల్కొంది. 'బాపు' అన్న రెండక్షరాలను వంకరటింకరగా పలికి, గంట మోగించింది. ఫోనేమో బ్యాగులో, బ్యాగేమో వెనక సీట్లో. నడిమి బటన్ ఒత్తాను. కారంతా బాపే. నాలుగు తలుపుల్లోంచి, నా సీటు కిందినుంచి, గుండెలోంచి వచ్చినట్టు, "ఎక్కడిదాకొచ్చినవే రాణీ!" ఎటు చూసి జవాబివ్వాలో తెలియలేదు. డబ్బా ఎక్కడో పైన ఉంది, నా నోరు కింద ఉంది, మధ్యలో ఇంజన్ మోత, పక్కనుంచి బస్సు హారన్. ఇక్కడినుంచి అక్కడిదాకా మాట చేరాలంటే ఎట్లా? చిన్నప్పుడు చేర్చినట్టే. కడుపులోంచి ఊపిరి తీసి, "ధర్మపురి దాటిన బాపూ!" అని అరిచాను. అద్దాలు గజగజమన్నాయి. "దాటినవా? అయితే జగిత్యాల మార్కెట్ల గుమ్మడికాయ తే బిడ్డా, ఈడ దొరకలే," అన్నాడు. "ఎంతది తేవాలె బాపూ, పెద్దదా చిన్నదా!" "నడిమి రకం తే. పెద్దది పంతులు మొయ్యలేడు, పాపం, మోకాళ్ల నొప్పులు." "ఇంకేమన్న కావాల్నా!" "ఏమద్దు, నిమ్మళంగ రా," అని, ఫోన్ పెట్టబోయి ఆగి, "ఇయ్యాల నీ గొంతు మంచిగ ఇనవడ్తున్నదే. కొత్త ఫోనా?" అన్నాడు. నవ్వుతున్నాడు. బాపు ఫోన్లో నవ్వడం నేను విని ఎంత కాలమైందో.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ముప్పయ్యేళ్లుగా బయటికి తీయని గొంతు, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లు, తుప్పు కూడా పట్టలేదు. సాంచెల ఖార్ఖానాలో పుట్టి పెరిగిన పిల్లను నేను. మా ఇల్లంటే ముందు గదిలో నాలుగు సాంచెలు, వెనక గదిలో మేము. తెల్లారి ఆరింటికి స్విచ్ వేస్తే నేల అదురుతుంది, గోడకున్న దేవుడి పటాలు అదురుతాయి, గిన్నెలో పాలు అదురుతాయి, ఇగ చీకటి పడిందాకా అంతే. ఆ మోతలో మాట వినపడదు. అందుకే సాంచెలోళ్లు పెదాలు చదువుతారు. ఎవరూ నేర్పరు, పిల్లలకు నడక వచ్చినట్టు వస్తుంది. ఈ చివరి సాంచె దగ్గర నేను పలక పట్టుకొని కూర్చుంటే ఆ చివర నూలు కండె మారుస్తూ బాపు పెదాలతో, ఎన్ని ఎక్కాలు వచ్చినయ్ అనేవాడు, నేను పెదాలతోనే ఏడు అనేదాన్ని, అబద్ధం అని కన్ను కొట్టేవాడు. నీళ్లు కావాలంటే బొటనవేలు, బీడీకి రెండువేళ్లు, అవ్వను పిలవాలంటే ముక్కుపుడక ఉండే చోట వేలు. జుట్టునిండా నూలు దుమ్ము, తెల్లగా, చిన్నతనంలోనే ముసలమ్మలం మేము. ఊరంతా వినేంత చప్పుడు మధ్య కూర్చొని నేనూ బాపూ ఎవరికీ వినపడకుండా ఎన్ని ముచ్చట్లు చెప్పుకున్నామో. లోకంలో అంత గుట్టుగా మాట్లాడుకునే చోటు నాకు మళ్లీ దొరకలేదు.

కరెంటు పోతే అసలు తమాషా. మోత టక్కున ఆగుతుంది, అరుస్తున్న నోళ్లు మాత్రం వెంటనే ఆగవు. ఒకసారి మా అవ్వ, సక్కుబాయి, మా మేనత్త గురించి బాపుకు చెబుతోంది, చేతులు తిప్పుతూ, గొంతు చించుకొని. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. "మీ అక్కకు నాలికె జానెడైతే పని బెత్తెడు!" అన్న మాట గల్లీ గల్లీ అంతా వినబడింది. మేనత్త గడప మీదే కూర్చొని బియ్యం ఏరుతోంది. అవ్వ ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి, "కోడలి గురించి అంటున్న అక్కా, నీ గురించి కాదు" అంది. ఆ కోడలు ఎవరో ఇప్పటికీ తెలియదు, మా ఇంట్లో కోడలే లేదు. బాపు సాంచె మీద తల ఆనించి నవ్వాడు, కరెంటు వచ్చిందాకా నవ్వాడు. ఇప్పుడు ఈ ట్రాక్టర్ వెనక, దారి ఇవ్వని ఈ మహానుభావుడి వెనక, ఒక్కదాన్నే నవ్వుతున్నాను. కళ్లలో నీళ్లు వస్తున్నాయి. దారి ఇవ్వవయ్యా సామీ.

ఈ గొంతును నేను కరీంనగర్‌లో పోగొట్టుకున్నాను. టీచర్ ట్రెయినింగుకు హాస్టల్లో చేరాను, పద్దెనిమిదేళ్లు. నా గదిలో సృజన అని ఖానాపూర్ వైపు నుంచి వచ్చిన దొరల పిల్ల, పట్టులాంటి జుట్టు, మాట్లాడితే పక్క మంచానికి కూడా వినపడదు. మొదటి రోజు నేను ఆమెను "నీ పేరేంది?" అని అడిగితే వరండాలో ఉన్నవాళ్లంతా తొంగి చూశారు. "అంత మొత్తుకుంటవేందే, నేను ఈడ్నే ఉన్న గదా," అంది సృజన. చెడ్డ పిల్ల కాదు, మంచి పిల్లే, ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తుంది. కానీ ఆ రోజు నుంచి నాకు పేరు పడిపోయింది, 'సాంచెల గొంతు'. నేను లోపలికి వస్తుంటే ఎవరో నాలుకతో టకటకమని సాంచె ఆడించేవాళ్లు. ఏడ్చాను. ఏడ్చి, మొండిదాన్ని కదా, నేర్చుకున్నాను. స్నానాల గదిలో నల్లా విప్పి ఆ ధార కన్నా మెల్లగా మాట్లాడటం సాధన చేశాను. సెలవులకు ఇంటికొచ్చి ఆ కొత్త గొంతుతో "అవ్వా, ఆకలైతుంది" అంటే అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమొచ్చిందేమోనని. బాపు మాత్రం నా పెదాల వంక చూశాడు, "బువ్వ పెట్టు దానికి" అన్నాడు. నా గొంతు చిన్నదైన సంగతి ఆయనకు తెలియనే లేదు.

జగిత్యాల మార్కెట్లో కారు ఆపి గుమ్మడికాయల కుప్ప ముందు నిలబడ్డాను. నడిమి రకం. ఒకటి ఎత్తి చూశాను, పెట్టాను, ఇంకోటి ఎత్తాను. నడిమి రకం తే, పంతులు మొయ్యలేడు అన్నాడు. నేను అడిగినదానికి జవాబు. అక్కడ నాకు చెయ్యి ఆగిపోయింది. నాలుగేళ్లలో ఫోన్లో మా బాపు నేను అడిగిన ఏ మాటకైనా జవాబు చెప్పాడా? తిన్నవా బాపూ: ఆఁ, మంచిది. ఏం తిన్నవ్: ఆఁ బిడ్డా. కావ్యకు జ్వరం: ఆఁ, మంచిది బిడ్డా. ఆ రోజు నేను ఎంత కాలిపోయానో, మనవరాలికి జ్వరమంటే మంచిదంటాడా అని. నా మాట పూర్తి కాకముందే ఆఁ వచ్చేది. అవ్వ ఉన్నప్పుడు అట్లా లేదు. అవ్వ ఉన్నప్పుడు ఫోన్ ఎప్పుడూ అవ్వ చేతిలోనే. నేను ఒక మాట అంటే అటునుంచి కాసేపు ఏమీ ఉండేది కాదు, ఆ తర్వాత, "బాపు అడుగుతుండు, అల్లుడు మంచిగున్నడా అని" అనేది. ఆ కాసేపు ఏమిటని నేను ఎన్నడూ ఆలోచించలేదు, వక్క నములుతోందనుకున్నాను. ఇప్పుడు కనబడుతోంది. అవ్వ ఫోన్ చెవికి పెట్టుకొని బాపు ముందు నిలబడి నా మాటను పెదాలతో చెబుతోంది. బాపు చూసి వింటున్నాడు. ముఖాముఖి అయితే మా బాపుకు అన్నీ వినబడతాయి, అందుకే సాంచెల మోతకు ఆయన చెవులు ఇంతగా పోయాయని ఒక్కరికీ తెలియలేదు. ఫోన్లో పెదాలు ఉండవు. "అమ్మా, తీసుకుంటవా పెడ్తవా?" అని గుమ్మడికాయలావిడ గదిమింది. తీసుకున్నాను.

కారులో కూర్చున్నాను గానీ తాళం తిప్పలేదు. అవ్వ మంచాన పడి ఉన్న ఆ పొద్దున, బతుకులో మొదటిసారి, బాపు ఫోన్ తన చెవికి పెట్టుకున్నాడు. ఇటు నేనేం చేశాను? స్టాఫ్ రూములో తోటి టీచర్లు నలుగురు ఉన్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మెత్తని మేడమ్ అని పిల్లల తల్లిదండ్రులు మెచ్చుకునే గొంతుతో, మా అవ్వ పాణం పోతోందని చెప్పాను. అప్పుడు కూడా అరవలేకపోయాను. సిగ్గు. ఛీ, నా బతుకు. ఆఁ అన్నాడు బాపు, ఆయన ఇంకేమంటాడు? సాంచెల మోతలో ఎవరేం చెప్పినా తల ఊపి ఆఁ అనడం వాళ్ల అలవాటు, అడ్డుపడి మళ్లీ చెప్పు అనే తీరిక ఎవరికీ ఉండదు. అడగాలి. ఈరోజే అడగాలి. అడిగి ఏం చేస్తాను? వినపడలేదంటే, అయితే వినకుండానే ఆఁ అన్నావు బాపూ, కారు మాట్లాడుకుంటే అవ్వ దక్కేదేమో బాపూ అని చెప్పాలా? డెబ్బై నాలుగేళ్లు. ఆ మాట మోసుకొని ఎన్నాళ్లు తిరుగుతాడు? అడగకపోతే ఆయన ఎందుకు కదలలేదో నాకు తెలిసేదెట్లా? ఇంటికి పోయి ముఖాముఖి అడగలేను. పెదాలు చదివే మనిషి ముందు అబద్ధం ఆడలేం, పెదవి అదిరితే పట్టేస్తాడు, ఏడు ఎక్కాల నాటి నుంచీ అంతే. అడిగితే ఇక్కడినుంచే అడగాలి, నా ముఖం ఆయనకు కనబడని చోటినుంచి.

ఎట్లా నడిపానో తెలియదు. పసుపు చేన్లు వెళ్లిపోయాయి, పెట్రోలు బంకు వెళ్లిపోయింది, మల్యాల చౌరస్తా వెళ్లిపోయింది. ఎన్నిసార్లు బటన్ మీదికి చెయ్యి పోయిందో, అన్నిసార్లు వెనక్కి వచ్చింది. కొండగట్టు కమాను కనబడుతుంటే కాషాయం కట్టుకున్నవాళ్లు గుంపులుగా అడ్డం వచ్చారు. పక్కకు తీసి, వేపచెట్టు నీడలో ఆపి, ఇంజన్ బంద్ చేయకుండానే బటన్ రెండుసార్లు ఒత్తాను. గంట మోగుతోంది. ఎత్తకు బాపూ అనుకున్నాను. ఎత్తాడు. "ఏందే, కాయ దొరకలేదా?" అన్నాడు. దొరికిందన్నాను. మళ్లీ ఆ మెత్తని గొంతే వచ్చింది. "హలో! హలో! రాణీ!" అంటున్నాడు. ఊపిరి తీసుకున్నాను. "బాపూ! అవ్వ పోయిన దినం నేను ఫోన్ల చెప్పింది నీకు ఇనవడ్డదా!" అని అరిచాను.

ఫోన్ కట్ అయిందేమోనని డబ్బా వంక చూశాను, దాని నీలం లైటు వెలుగుతూనే ఉంది. "ఇనవడలే బిడ్డా," అన్నాడు బాపు. ఈసారి అరవలేదు. "ఒక్క ముక్క ఇనవడలే. నువ్వే మాట్లాడుతున్నవని ఎర్కైతున్నది గని మాటలు తెలుస్తలేవ్. అవ్వకిద్దామంటే ఆమెకు చెయ్యి లేస్తలేదు." ఆయనే మళ్లీ అందుకున్నాడు: "అడుగుదామనే ఉంది నాకు గూడ. భయమైతది. వచ్చినప్పుడు అడుగుదామంటే నువ్వు నాకు మొఖం ఇయ్యవైతివి. పొయ్యి దిక్కు తిరిగి మాట్లాడ్తవ్, పెదవులు కనవడయ్."

"మరి సాంచెలెందుకు నడిపిచ్చినవ్ బాపూ!" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, నాలుగేళ్లుగా కుళ్లిన మాట అది, లోపల ఉండదు.

"నేనేడ నడిపిచ్చిన? బంద్ వెట్టి ఆమె కాడ కూసున్న. సప్పుడు లేకుంటే పాణం పరేషానైతున్నది, వెట్టు అన్నది. నలభై ఏండ్ల పైన గా సప్పుట్లనే పండుకున్న మనిషాయె. ఒక్క సాంచె వెట్టి వచ్చి, మళ్ల ఆమె కాడనే కూసున్న. కాళ్లు సల్లగైతుంటే రాసిన. జర నిద్ర వట్టినట్టయింది, నొప్పి తగ్గిందనుకున్న." ఊపిరి తీసుకుంటున్నాడు, ఆ ఊపిరి కూడా కారంతా వినబడుతోంది. "ఇగ చెప్పు బిడ్డా. ఏం చెప్పినవే ఆ దినం? నేను దేనికి ఆఁ అన్న?"

కారు మాట్లాడుకో అన్నాను. కరీంనగర్ తీస్కపో అన్నాను. ఒక్క నిమిషం ఆగకు అన్నాను. ఆ మూడు మాటలూ నా నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. అవి చెబితే నిజం చెప్పినట్టు. అవి చెప్పి ఇంటికి పోయి ఆ మనిషి పక్కన కూర్చొని అవ్వ పేరు మీద బియ్యం ఇప్పించాలి. అవతల ఆయన ఎదురు చూస్తున్నాడు. చెవికి ఫోన్ గట్టిగా ఒత్తుకొని ఉంటాడు, నొప్పి పుట్టేటట్టు. అవ్వ కాళ్లు గుర్తొచ్చాయి, చివరి రోజు బాపు రాసిన కాళ్లు, నేను పట్టుకోలేకపోయినవి. వెనక్కి ఆనుకొని, కళ్లు మూసుకొని, ఉన్న ఊపిరంతా గుంజి అరిచాను.

"అవ్వ పక్కనే కూసో అన్న బాపూ! నేను వచ్చెదాక ఎటు పోకు, ఆమెను ఒక్కదాన్ని ఇడిశిపెట్టకు అన్న! గంతే చెప్పిన!"

రోడ్డు పక్కన కొబ్బరికాయలు అమ్మేవాడు ఉలిక్కిపడి కారు వంక చూశాడు. నేను కళ్లు తుడుచుకోలేదు.

"గట్లనే చేసిన గదనే," అన్నాడు బాపు. ఏడుస్తున్నాడు. "ఎటు పోలే బిడ్డా. పాణం పోయెదాక ఆమె కాడికెల్లి లేవలే."